బేరింగు కాదు, మోకాలు



విశాఖ రామకృష్ణా బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. కాసేపు ఆ రోడ్డంతా నడిచేవాళ్లదే. కాళీమాత గుడి దగ్గర బయలుదేరి కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్లి వచ్చేవాళ్లు, చేతులూపుకుంటూ విసవిసా పోయేవాళ్లు, నడక కన్నా కబుర్లకే వచ్చేవాళ్లు, అందరూ ఉంటారు. సముద్రం వైపు గట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నవాళ్లూ కనిపిస్తారు. అలాంటి చోట ఈ సంభాషణ వినబడని రోజుండదు.

"ఏం బాబాయ్, ఇక్కడే ఆగిపోయావు?"

"గుజ్జు అరిగిపోయిందంట్రా. ఇంక నడవకూడదంట."

"ఎవరన్నారు?"

"అందరూ అదే అంటన్నారు."

బాబాయికి ఆ మాట చెప్పిన 'అందరి'లో డాక్టరు ఉండి ఉండకపోవచ్చు. పక్కింటాయన ఉంటాడు, బామ్మర్ది ఉంటాడు, మందుల షాపు కుర్రాడు ఉంటాడు. వాళ్లెవరికీ చెడు చెయ్యాలని లేదు. చిక్కంతా 'అరిగిపోయింది' అన్న మాటలోనే ఉంది.

విశాఖ యంత్రాలతో పెరిగిన ఊరు. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు పునాది పడింది. 1948లో అక్కడినుంచి జల ఉష నీళ్లలోకి దిగింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఈ ఊళ్లో ఇంటికో ఫిట్టరో, వెల్డరో, క్రేన్ ఆపరేటరో ఉంటాడు. బేరింగు అరిగితే ఏం చెయ్యాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మెషీన్ ఆపాలి, గ్రీజు పెట్టాలి, కుదరకపోతే కొత్తది వెయ్యాలి. గాజువాకలో ఇల్లు కట్టుకుని రిటైరైన ఓ ఫిట్టరును ఊహించుకుందాం. వయసు అరవై దాటింది. ఎక్స్‌రే రిపోర్టులో గ్రేడ్ 2 అని ఉంది. ఆయన తన మోకాలికి కూడా అదే సూత్రం వర్తింపజేస్తాడు. మెషీన్ ఆపడమంటే నడక మానెయ్యడం. గ్రీజు పెట్టడమంటే ఇంజక్షను. కొత్తది వెయ్యడమంటే ఆపరేషను. లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది. కానీ మోకాలి తొలిదశ అరుగుదలకు నిలిచే వైద్యం ఈ లెక్కకు దాదాపు తలకిందులు.

కారణం మోకాటి లోపలే ఉంది. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన తెల్లగా, నున్నగా పరుచుకున్న పొరనే మనం గుజ్జు అంటున్నాం. వైద్యులు మృదులాస్థి అంటారు. దానికి రక్తనాళాలు లేవు. మరి తిండి ఎక్కడిది? కీలులో ఊరే జిగురు ద్రవం నుంచి. అడుగు వేసినప్పుడు బరువు పడి పొర నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు వదులవుతుంది. నీళ్లలో ముంచిన స్పాంజిని పిండి వదిలినట్టు, ఆ నొక్కుడూ వదులుడూ వల్లే ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. బేరింగును వాడకుండా పక్కన పెడితే అది అరగకుండా ఉంటుంది. మోకాలిని పక్కన పెడితే ఆ పొరకు తిండి తగ్గుతుంది, చుట్టూ ఉన్న కండ కరుగుతుంది, కీలు బిగుసుకుపోతుంది.

పైగా ఈ జబ్బు ఒక్క గుజ్జుకే సంబంధించింది కాదు. కీలు చుట్టూ ఉండే పలచని పొర వాస్తుంది, ఎముక అంచుల్లో చిన్న మొనలు పొడుచుకొస్తాయి, కింది ఎముక గట్టిపడుతుంది, కండరాలు సడలుతాయి. శరీరం కీలును బాగుచేసుకోవాలని చూస్తూనే ఉంటుంది, అందులో కొంత వంకర పోతుంది. ఎక్స్‌రే చూపించేది ఇందులో కొంతే. ఎక్స్‌రే మీద సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడ్లు వేసే పద్ధతిని 1957లో బ్రిటన్ వైద్యులు కెల్‌గ్రెన్, లారెన్స్ పెట్టారు. మన ఫిట్టరు రిపోర్టులోని 2 అదే. ఎముక మొనలు స్పష్టంగా కనబడుతున్నాయి, ఎముకల మధ్య ఖాళీ పెద్దగా తగ్గలేదు అని దాని తాత్పర్యం. నొప్పి ఎంతో ఆ అంకె చెప్పదు. గ్రేడ్ 3తో సింహాచలం మెట్లెక్కేవాళ్లూ ఉన్నారు, గ్రేడ్ 1తో మంచం దిగడానికి అవస్థపడేవాళ్లూ ఉన్నారు. 45 ఏళ్లు దాటి, పని చేసినప్పుడు నొప్పి పుట్టి, పొద్దున్నే పట్టేసినా అరగంటలోపు సడలిపోతుంటే, జబ్బును గుర్తించడానికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022లో చెప్పింది.

ఈ నొప్పి ఎంతమందికి ఉంది? 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 52 కోట్ల 80 లక్షల మంది కీళ్ల అరుగుదలతో ఉన్నారనీ, వాళ్లలో 36 కోట్ల 50 లక్షల మందికి బాధ మోకాళ్లలో ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బాధితుల్లో 60 శాతం ఆడవాళ్లే. మన దేశంలో ఆగ్రా, బెంగళూరు, కోల్‌కతా, డెహ్రాడూన్, పుణె ప్రాంతాల్లో చేసి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో, చూసినవాళ్లలో 28.7 శాతం మందికి మోకాటి అరుగుదల కనిపించింది.

విశాఖ మోకాళ్లకు వాటి సొంత చరిత్ర కూడా ఉంది. యంత్రాలు రాకముందు రేవులో కళాసీలు బస్తాలు వీపున మోసుకుని బల్లకట్టు మీద ఎక్కి దిగేవారు. ఓడ అడుగున ఇరుకు గదుల్లో వెల్డరు మోకాళ్ల మీద కూర్చునే పని చెయ్యాలి. ఫిషింగ్ హార్బర్లో చేపలు కోసే ఆడవాళ్లు కత్తిపీట ముందు గంటల కొద్దీ గొంతుక్కూర్చుంటారు. కొండవాలు కాలనీల్లో ఇంట్లోకి నీళ్లు రావాలన్నా, గ్యాసు బండ రావాలన్నా మెట్లే గతి. ఓడల నిర్మాణంలో బరువు పనులు చేసిన కార్మికుల్లో మోకాటి అరుగుదల ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1987లోనే రాశారు. యవ్వనంలో ఎక్కువసేపు గొంతుక్కూర్చునేవారికి తర్వాత ఈ ముప్పు పెరుగుతుందని బీజింగ్‌లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం తేల్చింది. కాబట్టి మోకాలిని వాడాలి అన్నంత మాత్రాన ఎలా పడితే అలా వాడమని కాదు. లయగా, కొద్దికొద్దిగా పడే బరువు వేరు. మడిచిన మోకాలి మీద గంటలపాటు పడే బరువు వేరు. చేపలు కోసే పీట జానెడు ఎత్తు పెరిగితే, ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ ఉంటే, పూజకు బాసింపట్టు బదులు చిన్న స్టూలు వేసుకుంటే, అది కూడా వైద్యమే.

ఇక అసలు వైద్యం. తొలిదశలో మొదటి మందు వ్యాయామం. ఈ మాట చెప్పగానే రోగి ముఖం వాడిపోతుంది. ఇంత దూరం వచ్చి, గంట సేపు కూర్చుని, ఫీజు కట్టింది కాళ్లు ఊపమని చెప్పించుకోవడానికా అనిపిస్తుంది. పైగా నొప్పి మోకాల్లో ఉంటే ఫిజియోథెరపిస్టు తొడ కండ గురించి మాట్లాడతారు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుందే అనుకుంటారు. కానీ ఈ ముడి నిజమైనది. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం మోకాటి చిప్పను పట్టుకుని కిందికి దిగుతుంది. మెట్టు దిగేటప్పుడు, కుర్చీలో కూలబడేటప్పుడు బ్రేకు వేసేది అదే. ఆ బ్రేకు బలంగా ఉంటే దెబ్బ కండ మీద పడుతుంది, సడలితే నేరుగా కీలు మీద పడుతుంది. తుంటి పక్క కండరాలు కూడా గట్టిగా ఉంటేనే మోకాలు లోపలికీ బయటికీ ఊగకుండా నిలుస్తుంది.

చెయ్యాల్సినవి పెద్ద కష్టమైనవి కావు. కుర్చీలో నిటారుగా కూర్చుని కాలు ముందుకు చాచి, అయిదు లెక్కపెట్టి దించడం. పడుకుని మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కిందికి నొక్కడం. గోడ పట్టుకుని మడమలెత్తి నిలబడడం. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి పుట్టినా ఫర్వాలేదు. మర్నాటికి పాత స్థితికి వచ్చేస్తే ఆ మోతాదు సరిపోయినట్టు. మర్నాడు కూడా సలుపుతూ, వాస్తూ ఉంటే ఆ రోజు సగం చెయ్యాలి, మొత్తం మానకూడదు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం ఇదే పద్ధతిలో నడుస్తుంది. రెండు మూడు పాఠాలు, ఫిజియోథెరపిస్టు ఎదుట పన్నెండు తరగతుల వ్యాయామం, అంతే. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. మన ఊళ్లో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ ఎముకల విభాగం, ఫిజియోథెరపీ రెండూ ఉన్నాయి. ఎముకల డాక్టరు చీటీతో ఊరుకోకుండా ఫిజియోథెరపీ గది తలుపు కూడా తట్టాలి.

యోగా సంగతేమిటి అని అడిగేవాళ్లుంటారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 117 మందితో చేసి 2025లో ప్రచురించిన పరీక్షలో, నొప్పి తగ్గించడంలో యోగా కండరాల వ్యాయామానికి తీసిపోలేదని తేలింది. వజ్రాసనంలా మోకాలిని పూర్తిగా మడిచేవి మాత్రం నొప్పి ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టడం మంచిది.

నడక ఆపాలా? వద్దు. అమెరికాలో 50 ఏళ్లు దాటి, ఎక్స్‌రేలో అరుగుదల ఉన్న 1,212 మందిని కొన్నేళ్లు గమనించి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. వ్యాయామంగా నడిచే అలవాటున్నవాళ్లలో కొత్తగా తరచూ మోకాటి నొప్పి మొదలయ్యే అవకాశం దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. మెట్ల లెక్క కొంచెం వేరు. బెర్లిన్ పరిశోధకులు కృత్రిమ మోకాళ్లలో సెన్సర్లు అమర్చి 2010లో ఆ కొలతలు ప్రకటించారు. చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు 2.6 రెట్లు పడుతుంది. మెట్లెక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు 3.5 రెట్లు. 70 కిలోల మనిషి అడుగు వేస్తే దాదాపు 180 కిలోలు, మెట్టు దిగితే దాదాపు 245 కిలోలు. అందుకే కొండ మీది గుడికి మెట్ల మీదుగా ఎక్కినవాళ్లు దిగేటప్పుడు బస్సు ఎక్కితే మోకాలు సంతోషిస్తుంది. తప్పనిసరైతే గోడో, కమ్మీయో పట్టుకుని, నొప్పి కాలిని ముందు దించాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలి. చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాక రెండో చేత్తో పట్టుకోవాలి. ఈ చిన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ రెట్ల లెక్కలోంచే బరువు సంగతి బయటపడుతుంది. అధిక బరువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే, అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గుతుందని అమెరికాలో కొలిచి 2005లో ప్రకటించారు. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు. అధిక బరువు, స్థూలకాయం ఉన్న 454 మందిని ఏడాదిన్నర పాటు గమనించిన మరో పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. ఒక్క వ్యాయామం చేసినవాళ్ల కన్నా, వ్యాయామంతో పాటు తిండి తగ్గించి బరువులో పదో వంతు కరిగించుకున్నవాళ్లకు నొప్పి ఎక్కువ తగ్గింది. బీచ్‌లో అరగంట నడిచి, వెంటనే బజ్జీల బండి దగ్గరో, ముర్రీ మిక్చర్ దగ్గరో ఆగేవాళ్లు ఈ లెక్కను రోజూ దెబ్బతీస్తుంటారు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజక్షను మోకాటి నొప్పిని కూడా తగ్గించిందని 407 మంది మీద చేసి 2024లో ప్రచురించిన పరీక్ష చూపించింది. స్థూలకాయం ఉన్నవాళ్లకు, డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే ఆ దారి.

మందుల విషయంలో ఉత్తరాంధ్రవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. మోకాలికి తొలి మందు పైపూత. డైక్లోఫెనాక్ జెల్ లాంటివి. వేలి కొసన అద్దుకుని వదిలేస్తే చాలదు, డాక్టరు చెప్పిన కొలతలో, చెప్పినన్ని సార్లు రాయాలి. నోటి మాత్రలు నొప్పి తీస్తాయి గానీ కడుపుకూ, గుండెకూ, కిడ్నీలకూ ముప్పు తెస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఊళ్లను పీడిస్తోంది. దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. కవిటి, సోంపేట, కంచిలి నుంచి వచ్చి విశాఖలో స్థిరపడిన కుటుంబాలు కొల్లలు. ఆ ప్రాంతపు మనిషి మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి మాత్రల స్ట్రిప్పు కొనుక్కుని నెలల తరబడి మింగడం చాలా ప్రమాదం. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, తర్వాతే మాత్ర.

వావిలాకు కాపడం, ఉప్పు మూట, గోరువెచ్చని నూనె మర్దనా బిగుసుకున్న కీలును సడలిస్తాయి. వాటితో ఎవరికీ తగాదా లేదు. అవి గుజ్జును పుట్టిస్తాయని మాత్రం ఆశపడకూడదు. పేరూ ఊరూ లేని 'కీళ్ల పొడులు' ఇంకో కథ. అలాంటి వాటిలో రహస్యంగా స్టెరాయిడ్లు కలిపిన సంగతులు దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే సంతోషించడం కాదు, అనుమానించాలి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల సంగతి 2006లోనే తేలింది. 1,583 మందిని పరీక్షించినప్పుడు, మొత్తం మీద అవి ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగుగా పని చెయ్యలేదు.

ఇప్పుడు మన ఫిట్టరు గారి గ్రీజు దగ్గరికి వద్దాం. ఇంజక్షన్ల మీద ఉన్నంత ఆశ మోకాటి వైద్యంలో మరి దేనిమీదా లేదు. స్టెరాయిడ్ ఇంజక్షను నొప్పి బాగా రేగినప్పుడు కొన్ని వారాలు ఊరటనిస్తుంది. కానీ మూణ్నెల్లకోసారి చొప్పున రెండేళ్లు వేసి చూసినవాళ్లకు, ఉప్పునీళ్లు వేసినవాళ్ల కన్నా గుజ్జు ఎక్కువ తగ్గిందనీ, నొప్పిలో తేడా లేదనీ 2017లో అమెరికాలో తేలింది. 2020లో ఫలితం వచ్చిన ఒక పరీక్షలో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెరాయిడ్, ఇంకో జట్టుకు ఫిజియోథెరపీ. ఏడాది తిరిగేసరికి ఫిజియోథెరపీ జట్టే మెరుగ్గా ఉంది.

రోగి రక్తంలోంచే తీసి వేసే పీఆర్పీ ఇంజక్షను ప్రకటనల్లో తొలిదశవాళ్లకే ఎక్కువగా ఆశ చూపిస్తుంది. ఆస్ట్రేలియాలో సరిగ్గా అలాంటివాళ్లనే, స్వల్ప, మధ్యస్థ అరుగుదల ఉన్న 288 మందిని ఎంచుకున్నారు. సగం మందికి పీఆర్పీ, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది వేశారో రోగికి చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో గానీ, గుజ్జు మందంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ఫలితం 2021లో వచ్చింది. కొన్ని చిన్న పరీక్షలు దీనికి భిన్నంగా ఉన్నాయి కాబట్టి వాదన పూర్తిగా ముగియలేదు. వేలకు వేలు అప్పు చేసి వేయించుకునే ముందు మాత్రం ఈ ఉప్పునీళ్ల కథ గుర్తుండాలి.

దుర్బిణీతో లోపల కడిగి శుభ్రం చేసే ఆపరేషను కథ ఇంకా విచిత్రం. 2002లో ఫలితం వచ్చిన ఒక పరీక్షకు హ్యూస్టన్‌లో 180 మందిని తీసుకున్నారు. కొందరికి నిజంగా కడిగారు. కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు వేసి పంపేశారు. ఉత్తుత్తి ఆపరేషను జరిగినవాళ్ల కన్నా నిజం ఆపరేషను జరిగినవాళ్లు ఎందులోనూ బాగుపడలేదు. అరుగుదల నొప్పి కోసం ఈ ఆపరేషను చెయ్యవద్దని చాలా దేశాల మార్గదర్శకాలు ఇప్పుడు చెబుతున్నాయి. దొడ్డికాళ్లతో ఒకవైపే అరిగిన నడివయసువాళ్లకు ఎముక వంపు సరిచేసే శస్త్రచికిత్స ఉంది. కీలు మార్పిడి చివరి దశకు మంచి వైద్యం. గ్రేడ్ 2 మనిషికి దాని అవసరం లేదు.

ఏ నొప్పికి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరంతో వాచినప్పుడు. దెబ్బ తగిలాక కాలు మోపలేనప్పుడు. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచడానికి రానప్పుడు. వేళ్ల కీళ్లు కూడా వాచి, పొద్దున్న గంటల తరబడి బిగుసుకుపోతున్నప్పుడు. ఇవి వేరే జబ్బుల గుర్తులు.

మళ్లీ నడక దగ్గరికొస్తే, ఏటా ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షల మంది కదులుతారు. తొలి పావంచా, అంటే కొండ తొలి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు. ఏడాదంతా సోఫాలో ఉండి ఆ ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు నడిచిన మోకాలు వారం రోజులు వాచిపోతుంది. అదే మోకాలు మూడు నెలల ముందు రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ, తొడ కండకు పని చెబుతూ వస్తే సంగతి వేరు. మొత్తం తిరగలేకపోయినా, హనుమంతవాక దాకా వెళ్లి ఆగినా కొండ మీది అప్పన్న స్వామి ఏమీ అనుకోడు.

గాజువాక ఫిట్టరు గారికి యంత్రం మీద నమ్మకం ఎక్కువ, రీడింగు లేనిదే ఏదీ ఒప్పుకోడు. ఆయన లాంటివాళ్ల కోసం ఒక కొలత ఉంది. చేతులు లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వెయ్యాలి. చేతులు గుండెల మీద కట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో ఒకరు గడియారం చూస్తుంటే ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలిగితే అన్ని మార్కులు. పడిపోతామన్న భయమున్నవాళ్లు పక్కన మనిషిని పెట్టుకోవాలి. ఆ అంకెను ఈరోజు తేదీ పక్కన క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకోవాలి. వారానికి మూడు రోజులు వ్యాయామం చేసి, పన్నెండు వారాల తర్వాత అదే కుర్చీలో, అదే గడియారంతో మళ్లీ లెక్కపెట్టాలి. ఇంటావిడ గడియారం పట్టుకుని "పదకొండు... పన్నెండు... కానియ్యండి, ఇంకా టైముంది" అంటుంటే, ఆయన పదమూడోసారి లేస్తూ రెండో రీడింగు తనే వేసుకుంటాడు.